ఒక్క పిల్లికి ఇన్ని గుంజలా

ఓమురాలికి ఏ ప్రాణిని చూసినా మొట్టమొదట కనిపించేది దాని దురద. మామూలు మనిషి గుర్రాన్ని చూస్తే రంగు చూస్తాడు, నడక చూస్తాడు, అమ్మేవాడి మొహం చూస్తాడు. ఓమురాలి మాత్రం కళ్ళు చికిలించి, తల ఒక పక్కకి వాల్చి, "దీనికి మూపు మీద, ఎడమ పక్క" అనేవాడు. అని ఊరుకుంటే ఎవరికీ బాధ లేకపోయేది. మర్నాడు పొద్దున్నే గడ్డపార పట్టుకుని వచ్చి, ఆ గుర్రం వీపు గోక్కోవడానికి మీ గుమ్మం ముందు ఒక గుంజ పాతి వెళ్ళేవాడు.

గుర్రాలూ పిల్లులే కాదు, ఆఫీసర్లని కూడా అదే చూపు చూసేవాడు. ఒకసారి పశువుల లెక్క రాసుకోవడానికి జిల్లా నుంచి ఒక పెద్ద ఆఫీసరు మా కొండల ఊరు కోక్-ఆరల్‌కి వచ్చాడు. ఆయన కుర్చీలో అటూ ఇటూ మెసులుతున్నాడు. పళ్ళెంలో మాంసం చల్లారిపోతోంది. వచ్చినాయనకి దేనికో కోపం వచ్చిందని ఊరిపెద్దలు బిక్కచచ్చి చూస్తున్నారు. ఓమురాలి లేచి వెళ్ళి ఆయన చెవిలో, "వీపు మధ్యలో కదూ, చెయ్యి అందని చోట? బయట గుంజ ఉంది, వెళ్ళండి. ఎవరూ చూడరు" అన్నాడు. ఆఫీసరు వెళ్ళాడు. తిరిగొచ్చినప్పుడు ఆయన మొహం అప్పుడే నిద్రలేచిన పసిపిల్లాడి మొహంలా ఉంది. ఆ ఏడాది లెక్కల్లో మా ఊరి గొర్రెలన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయని రాశాడట, కుంటివాటితో సహా.

ఈ పిచ్చి ఆయనకి ఉద్యోగం వల్ల పట్టుకుంది. కుర్రతనం నుంచీ ఆయన కరెంటు లైన్‌మన్. కోక్-ఆరల్‌లో చెట్లు తక్కువ, గుర్రాలు ఎక్కువ. వసంతం వచ్చి చలికాలపు బొచ్చు రాలే రోజుల్లో ప్రతి గుర్రానికీ ఒళ్ళంతా దురదే. రుద్దుకోవడానికి దొరికేది కరెంటు స్తంభం ఒక్కటే. గుర్రం రుద్దుకుంటే స్తంభం ఊగేది, స్తంభం ఊగితే పైన తీగలు ముద్దు పెట్టుకునేవి, దాంతో ఊరంతా చీకటి. సరిగ్గా టీవీలో సీరియల్ నడుస్తున్నప్పుడే ఇది జరిగేది, తిట్లు మాత్రం గుర్రానికి కాక లైన్‌మన్‌కి తగిలేవి. ఓమురాలి మొదట గుర్రాల్ని కొట్టి తరిమాడు. తర్వాత స్తంభాలకి ముళ్ళతీగ చుట్టాడు. గుర్రాలు అదేదో తమ కోసం చేసిన ఏర్పాటనుకుని దూరపు ఊళ్ళ నుంచి చుట్టాల్ని కూడా పిలుచుకొచ్చాయి. ఆఖరికి విసిగిపోయి, కరెంటు స్తంభం పక్కనే తీగలేవీ లేని ఉత్త గుంజ ఒకటి పాతి, రోడ్లు ఊడ్చే బండికి ఉండే గుండ్రటి పాత బ్రష్షు ఒకటి దానికి బిగించాడు.

ఆ సాయంత్రం ఒక ముసలి గుర్రం వచ్చి ఆ బ్రష్షుకి మూపు ఆనించింది. పైపెదవి ముందుకు సాగింది, కళ్ళు సగం మూతపడ్డాయి, మెడ మెల్లగా మెలిక తిరిగింది. ఓమురాలి దాన్ని చూస్తూ నిలబడిపోయాడు. పెళ్ళినాడు కూడా తను అంత సంతోషం కలిగించిన దాఖలా లేదని తర్వాత ఎవరితోనో అన్నాడట. అప్పట్నుంచి ఆయన గుంజలు పాతడం ఆపలేదు. రిటైరయ్యాక అయితే మరీను.

పెళ్ళికి పిలిస్తే గుంజ తెచ్చేవాడు, దానికి ఎర్ర రిబ్బను కట్టి. సంతాపానికి వెళితే చచ్చిపోయినవాడి గుర్రం ఎక్కడ రుద్దుకుంటోందో చూసుకుని వచ్చి, మూడోనాడు గడ్డపారతో హాజరయ్యేవాడు. ఈ వయసులో గుంజల మీద పెట్టే ధ్యాస నమాజు మీద పెడితే బాగుంటుందని ముల్లాగారు ఒక శుక్రవారం అందరి ముందూ మందలించాడు. ఆ మధ్యాహ్నమే మసీదు వెనక, టోపీ పక్కకి జారిపోగా, ముల్లాగారు గుంజకి వీపు రుద్దుకుంటూ ఓమురాలికి దొరికిపోయాడు.

"ముల్లాగారూ, అది గుర్రాలది" అన్నాడు ఓమురాలి, మర్యాదగా. "మీది ఆ పక్కది. కొంచెం పొట్టిగా ఉంటుంది."

*

ఈ మనిషికి తను కోడలి వరస అవుతానని చినారాకి పెళ్ళి తర్వాతే సరిగ్గా తెలిసింది. ఓమురాలి ఆమె మామగారికి అన్న. భార్య పోయాక ఒక్కడే అదే వాకిట్లో ఎదురింట్లో ఉంటూ, భోజనానికి మాత్రం ఇటు వచ్చేవాడు. అత్తవారి వైపు పెద్దల పేర్లు కోడళ్ళు పలకకూడదు కాబట్టి చినారా ఆయన్ని 'పెదమామయ్య' అనేది. అత్తగారు బురుల్ కూడా ఒకప్పుడు ఆ ఇంటికి కోడలిగా వచ్చినదే కాబట్టి, ఆవిడా బావగారి పేరు పలికేది కాదు. బావగారి మీద గౌరవంతో మొదలైన ఆ నియమం కాలక్రమాన ఆవిడకి బాగా కలిసొచ్చింది. "ఆ గుంజలాయన", "ఆ దురదాయన", "మన ఇంటికి పట్టిన ఆయన" అని నోటికొచ్చినట్టు పిలవచ్చు. అదేమంటే సంప్రదాయం.

చినారా ఊరి బడిలో జీవశాస్త్రం చెప్పేది. కొత్తల్లో ఆమెకి పెదమామయ్యతో పేచీ. ఇంటి ఆడగుర్రం చాల్ తోక మొదలు బోడి అయ్యేదాకా రుద్దుకుంటోంది, దానికి కడుపులో పురుగులున్నాయి, కావలసింది మందు, గుంజ కాదని ఆమె విడమరిచి చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. వెళ్ళి మందు కొనుక్కొచ్చి గుర్రానికి పట్టించాడు. తర్వాత గుంజ కూడా పాతాడు.

"మందు పట్టించారు కదా, ఇంకా గుంజ ఎందుకు?" అంది చినారా.

"మందు పురుగు కోసం. గుంజ గుర్రం కోసం."

పిల్లుల విషయంలో ఆయనకి ఇంకా గట్టి నియమాలుండేవి. భోజనాల దగ్గర ఎవరూ అడక్కపోయినా చెప్పేవాడు. పిల్లి గుంజ పొడుగ్గా ఉండాలి, పిల్లి వెనక్కాళ్ళ మీద లేచి ఒళ్ళు సాగదీస్తే ఇంకా పైన మిగలాలి. గరుకుగా ఉండాలి, గోళ్ళ మీది పాత పొర ఊడి రావాలి కదా. అన్నిటికన్నా ముఖ్యం, ఊగకూడదు. "ఒక్కసారి ఊగిందా, ఆ గుంజని పిల్లి జన్మలో నమ్మదు. నీ సోఫాని నమ్ముతుంది" అనేవాడు. ఇందులో తప్పేమీ లేదని చినారాకి తెలుసు, ఆ మాట బయటికి అనేది కాదు. అంటే ఇంకో గంట చెప్తాడు.

ఇదంతా నవ్వుకునే రోజుల సంగతి. ఈ వేసవి మాత్రం చినారాకి నవ్వు రావడం మానేసింది. కొడుకు ఎలమాన్‌కి ఏడాది దాటి నాలుగు నెలలు, ఇంకా నడక రాలేదు.

పాకడంలో వాడికి సాటి లేదు, తలుపు తీసి ఉంటే తొండలా మాయమయ్యేవాడు. కానీ నిలబెడితే కాళ్ళు మడిచేసుకుని చతికిలబడేవాడు. పద్దెనిమిది నెలల దాకా ఆగినా కంగారు పడక్కర్లేదని చినారాకి తెలుసు. ఆరోగ్య కేంద్రంలో నర్సు వాడి తుంటి కీళ్ళూ పాదాలూ పరీక్షించి అదే చెప్పింది. లారీ తోలడానికి వెళ్ళిన భర్త ఉలాన్ ఫోనులో అదే అన్నాడు. చినారా కూడా అడిగినవాళ్ళందరికీ అదే చెప్పేది, పాఠం చెప్పినంత స్పష్టంగా. చెప్పి, లోపలికి వెళ్ళి, వాడి అరికాళ్ళు మళ్ళీ ఒత్తి చూసేది.

అడిగేవాళ్ళలో మొదటిది పక్కింటి అనార్కన్. ఆవిడకి ఊళ్ళో ప్రతి పసిపిల్లా ఏ నెలలో ఏం చేసిందో కంఠతా వచ్చు. కాలవ నుంచి నీళ్ళ బిందెలు మోసుకుంటూ ఆరోగ్య కేంద్రం మిట్ట ఎక్కి, మధ్యలో ఓమురాలి గుంజకి నడుం ఆనించి, ఊపిరి పీల్చుకుంటూ ఊరి గురించి మాట్లాడేది. ఎక్కువగా ఆ గుంజ పాతినాయన తెలివితక్కువతనం గురించే. గుర్రమనేది ఎప్పుడూ ఎక్కని మిట్ట మీద గుర్రం గుంజేమిటని ఆవిడ వాదన. ఈమధ్య ఆవిడ మాటల్లో ఆ స్థానం ఎలమాన్‌కి దక్కింది.

"మా మనవడు తొమ్మిదో నెలకే గొర్రెల వెంట పడ్డాడమ్మా. మీవాడు ఇంకా కూర్చునే ఉన్నాడా? పోన్లే. కొందరు కూర్చునే ఉద్యోగాలు చేస్తారు."

అది చాలదన్నట్టు బురుల్ ఒక పొరపాటు చేసింది. బిడ్డకి అడుగులు వచ్చాక కాళ్ళకి నలుపూ తెలుపూ కలిపి పేనిన దారం చుట్టి, పిల్లలకి పరుగు పందెం పెట్టి, గెలిచినవాడి చేత ఆ దారం కోయించడం అక్కడి వేడుక. ఆ సంకెల తెగితే బిడ్డ జీవితంలో తడబడకుండా నడుస్తాడని నమ్మకం. వేసవి మొదట్లో ఎలమాన్ నానమ్మ కుచ్చెళ్ళు పట్టుకుని ఒక్క క్షణం లేచి నిలబడ్డాడు. ఆ సంబరంలో బురుల్, కొండమీది పచ్చిక నుంచి మందలు దిగివచ్చే వారానికి వేడుక పెట్టేసి, మూడు లోయల్లోని చుట్టాలకీ కబురు చేసేసింది. అప్పటికి వీడు పరిగెడుతూ ఉంటాడని ఆవిడ లెక్క. ఆ క్షణం తర్వాత వాడు మళ్ళీ లేవలేదు. పిలిచిన పిలుపు వెనక్కి తీసుకుంటే ఇంటి పరువు పోతుంది. గొర్రెని కూడా ఎంచేశారు. అది తినీ తినీ బలుస్తోంది, వేడుక దగ్గర పడుతోంది, ఎలమాన్ కూర్చునే ఉన్నాడు.

*

అలాంటి రోజుల్లో ఒక పొద్దున చినారా తలుపు తీసేసరికి, గుమ్మం మెట్టు నుంచి వీధి గేటు దాకా వాకిలి పొడుగునా పొట్టి గుంజలు వరసగా పాతి ఉన్నాయి. కొసాఖరిది పాతుతూ ఓమురాలి చెమటలు కక్కుతున్నాడు.

"ఇవేమిటి పెదమామయ్యా?"

"బార్సిక్‌కి" అన్నాడు. బార్సిక్ ఇంటి పిల్లి, నారింజ రంగు, ఒక చెవి చిరిగింది. గోడ మీద కూర్చుని తనకేమీ సంబంధం లేనట్టు చూస్తోంది.

"ఒక్క పిల్లికి ఇన్ని గుంజలా?"

"దానికి ఒకచోట కుదురుండదు. నడుస్తూ నడుస్తూ గోక్కుంటుంది."

చినారా దగ్గరకెళ్ళి చూసింది. గుంజలు మరీ పొట్టి, ఆమె మోకాలికి కాస్త పైదాకా వచ్చాయంతే. పిల్లి ఒళ్ళు సాగదీస్తే తల పైకి పోతుంది. గరుకు తాడు చుట్టాల్సిన చోట మెత్తటి ఉన్ని చుట్టాడు, పై అంచులు గుండ్రంగా నున్నగా చెక్కాడు. ఆయన నియమాల్లో ఒక్క ఊగకపోవడం తప్ప అన్నీ తప్పాయి. పెద్దాయనకి వయసు మీద పడుతోందనుకుంది. అంతకన్నా ఆలోచించే ఓపిక ఆమెకి లేదు, బుర్రలో ఉన్నది ఒకటే లెక్క, వేడుకకి ఇంకా ఎన్నాళ్ళు.

బురుల్‌కి మాత్రం ఓపిక చాలా ఉంది. పొద్దున్నే పాల చెంబుతో బయటికి వచ్చి మొదటి గుంజకి తట్టుకుంది, రెండోదానికి చెంబు తగిలింది, మూడోదాని దగ్గర ఆగి కొండల వైపు తిరిగి మాట్లాడింది. బావగారితో నేరుగా పోట్లాడకూడదు కాబట్టి ఆవిడ ఎప్పుడూ కొండలతోనే పోట్లాడేది. శ్మశానం కూడా ఇంత దట్టంగా ఉండదంది. ఓమురాలి కొండల తరఫున తలూపి గడ్డపార భుజాన వేసుకున్నాడు.

అప్పట్నుంచి ఇంట్లో చిన్న చిన్న వింతలు మొదలయ్యాయి. బురుల్ గుండెకి వేసుకునే వలేరియన్ చుక్కల సీసా అల్మారాలోంచి మాయమైంది. కొత్తది తెప్పిస్తే అదీ సగమైంది. ఓమురాలి చలికాలానికి దాచుకున్న ఉన్ని బూట్లు ఎలకలు కొట్టేశాయని భోజనాల దగ్గర ప్రకటించాడు. ఉన్ని బూట్లు తినే ఎలకలేమిటని బురుల్ కొండల్ని అడిగింది. ఇక బార్సిక్ అయితే పూర్తిగా చెడిపోయింది. రోజంతా గుంజ గుంజకీ వెళ్ళి బుగ్గ రుద్దడం, కిందపడి దొర్లడం, తాగినవాడిలా ఆకాశంకేసి చూడటం. గోకడం మాత్రం సోఫా మీదే.

ఊరికి ఇది పండగ. గేటు దగ్గర ఆగి చూడనివాడు పాపాత్ముడు. కరెంటు షాకులు ఇన్నేళ్ళకి తలకెక్కాయని ఒకరు, పిల్లికి గుంజలు పాతినవాడు రేపు ఈగలకి ఊయలలు కడతాడని ఇంకొకరు. అనార్కన్ మిట్ట మీది తన గుంజకి ఆనుకుని, వచ్చేపోయే వాళ్ళందరికీ ఈ కథ కొత్తకొత్తగా చెప్పేది. ఎలమాన్ నడక గురించి అడగడానికి ఎవరికీ తీరిక లేకపోయింది. ఆ వారాల్లో తనని ఎవరూ ఏమీ అడగడం లేదని చినారా గమనించింది కానీ ఎందుకో ఆలోచించలేదు. ఎలమాన్ పిల్లి వెంట పాకుతూ గుంజలు పట్టుకుని లేస్తున్నాడని కూడా గమనించింది. ఒక గుంజ వదలకుండానే రెండోదాన్ని అందుకునేవాడు. వదిలేదే లేదు. వదలని పిల్లాడు నడిచినట్టు కాదని ఆమెకి దిగులు.

వేడుకకి రెండ్రోజుల ముందు బురుల్ ఇక ఊరుకోలేదు. అతిథులకి వాకిట్లో కంబళ్ళు పరవాలి, గుంజలన్నీ పీకెయ్యాలి. ఈసారి కొండలతో కాకుండా సూటిగా చెప్పింది. ఏ పని చెప్పినా ఎప్పుడూ సరేననే ఓమురాలి ఆవేళ గుమ్మంలో అడ్డంగా కూర్చున్నాడు.

"ఒక్కటి కూడా పీకను."

"బావగారూ, అరవై మంది వస్తున్నారు. గుంజల మీద కూర్చోబెట్టమంటారా?"

"సరే. ఒకటి విడిచి ఒకటి పీకుతాను."

"అన్నీ పీకాలి."

"ఒకటి విడిచి ఒకటి. పిల్లికి అవి చాలు. లేదంటే నేను భోజనం మానేస్తాను, వచ్చినవాళ్ళందరికీ ఎందుకు మానేశానో చెప్తాను."

చుట్టాల ముందు ఇంటి పెద్ద భోజనం మానేయడమంటే మాటలు కాదు. బురుల్ ఒప్పుకుంది, సగం గెలిచానన్న తృప్తితో. ఆయన గొణుక్కుంటూ ఒకటి విడిచి ఒకటి పీకాడు. మిగిలిన గుంజల మధ్య కంబళ్ళు వంకర టింకరగా పడ్డాయి.

*

వేడుక రోజు వాకిలి కిటకిటలాడింది. గుండిగల్లో మాంసం ఉడుకుతోంది, నూనెలో వేగిన బూర్సోక్ పిండిముక్కలు బల్ల మీద కుప్పలుగా ఉన్నాయి, పులిసిన గుర్రప్పాల కుమిస్ గిన్నెలు చేతులు మారుతున్నాయి. మూడు లోయల చుట్టాలూ గుంజల మధ్య కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మెలికలు తిరిగి కూర్చున్నారు. మందతో దిగివచ్చిన మామగారు అన్నని చూసి, గుంజల్ని చూసి, కుమిస్ తాగాడు. ఉలాన్ ముందురోజే వచ్చి, వస్తూనే కొడుకు కాళ్ళు ఒత్తి చూశాడు. ఫోనులో చెప్పిన ధైర్యం ఫోనుకే పరిమితమని చినారాకి అప్పుడు తెలిసింది.

ఎలమాన్ కాళ్ళకి దారం చుట్టి, మెట్టు దగ్గర చినారా వాణ్ణి రెండు చేతులా పట్టుకుని నిలబెట్టింది. పిల్లలు కాలవ గట్టు నుంచి పరుగు మొదలుపెట్టారు. అందరికన్నా ముందు గేటు దాటి లోపలికి వచ్చింది చాల్ పిల్ల. తల్లి గేటు పక్కన పెద్ద గుంజకి తాపీగా వెనకభాగం రుద్దుకుంటూ ఉండటంతో, గుర్రప్పిల్ల కూడా పిల్లలతో పాటు పరిగెత్తి వచ్చేసింది. దాన్ని గెలిచినట్టు లెక్కెయ్యాలా వద్దా అని పెద్దల మధ్య వాదన లేచింది. నాలుగు కాళ్ళున్నవాడు సంకెల కోస్తే బిడ్డకి రెండింతలు నడక వస్తుందని ఓమురాలి వాదించాడు. కత్తి ఎక్కడ పట్టుకుంటుందని మామగారు అడగడంతో వాదన ముగిసి, రెండోదిగా వచ్చిన రెండు జడల పిల్ల దారం కోసింది. అందరూ చప్పట్లు కొట్టారు.

చినారా చేతులు వదిలింది. ఎలమాన్ చతికిలబడ్డాడు.

లేవదీసి నిలబెట్టింది. వాడు జనాన్ని ఒకసారి చూసి, ఇంత గోల ఎందుకన్నట్టు మళ్ళీ కూర్చున్నాడు. కుమిస్ గిన్నెలు గాల్లోనే ఆగాయి. అనార్కన్ గొంతు సవరించుకుంది. చినారాకి చెవులు కాలిపోయాయి. నర్సు చెప్పినదీ, పుస్తకాల్లో ఉన్నదీ, తను అందరికీ చెప్పినదీ ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

అప్పుడు బల్ల కింద నుంచి బార్సిక్ బయటికి వచ్చింది. అరవై మందినీ లెక్క చెయ్యకుండా మొదటి గుంజ దగ్గరకి నడిచి, కళ్ళు మూసి బుగ్గ రుద్దింది. రెండోదానికి వెళ్ళి రుద్దింది. మూడోదాని దగ్గర తూలి పడింది.

"మీ పిల్లి తాగిందా?" అన్నారు ఎవరో చుట్టాలు.

ఎలమాన్ పిల్లిని చూశాడు. బరబరా పాకి మొదటి గుంజ పట్టుకుని లేచి నిలబడ్డాడు. అలవాటుగా చెయ్యి చాచాడు. ఉండాల్సిన గుంజ లేదు. తర్వాతది ఉంది, కానీ దూరంగా. వాడు చాచిన చేతిని చూసుకున్నాడు, గుంజని చూశాడు, నానమ్మని చూశాడు, ఈ మోసం ఎవరు చేశారని అడుగుతున్నట్టు. తర్వాత వదిలేశాడు.

ఒక అడుగు పడింది. ఒళ్ళు ఊగింది, చేతులు పైకి లేచాయి. ఇంకో అడుగు. ఆ తర్వాత అడుగులు కావు, పడిపోబోయి పడకపోవడాలు. గుంజని రెండు చేతులా వాటేసుకున్నాడు. వాడు ఆ గుంజనీ వదిలాడు. అతిథుల కాళ్ళ మీదుగా, కంబళ్ళ మడతల మీదుగా, ఒక బూర్సోక్ ముక్కని తొక్కి, గుంజ నుంచి గుంజకి, తూలే పిల్లి వెనక తూలుతూ గేటు దాకా నడిచి, చాల్ పక్కన నిలబడి ఉన్న ఓమురాలి పంట్లాం పట్టుకున్నాడు.

ఆ కేకలకి గుర్రప్పిల్ల బెదిరి మళ్ళీ కాలవ దాకా పరిగెత్తింది. బురుల్ ఏడ్చింది, నవ్వింది, గుండె చుక్కల కోసం వెతుక్కుంది, దొరకలేదు. "నేను అప్పుడే అనలేదూ, వీడు నడుస్తాడని" అంది అనార్కన్ చుట్టూ ఉన్నవాళ్ళతో. ఓమురాలి మాత్రం కిందికి వంగి ఎలమాన్‌ని చూసి, "వీడికి మెడ వెనక" అన్నాడు. గోకాడు. వాడి పైపెదవి ముందుకు సాగింది.

*

అతిథులు వెళ్ళాక, పొద్దు వాలుతుండగా, చినారా కంబళ్ళు దులుపుతూ ఒక గుంజ దగ్గర ఆగింది. గోళ్ళ గీతలు ఒక్కటి లేవు. పై అంచు మాత్రం చిన్న అరిచేతుల మురికితో నల్లబడి ఉంది. వంగి వాసన చూసింది. వలేరియన్, పిల్లులకి మత్తెక్కించే అత్తగారి గుండె చుక్కల వాసన. చుట్టిన ఉన్నికి ఒకచోట బూటు మడమ కుట్టు ఇంకా అలాగే ఉంది. గుంజకీ పక్కన పీకిన గుంతకీ మధ్య జానతో కొలిచింది, ఎలమాన్ చేతులు చాచితే ఎంతో సరిగ్గా అంత. కొలవడం ఆమెకి అలవాటే. ఇన్నాళ్ళూ పిల్లాడి కాళ్ళు తప్ప ఇంకేమీ కొలవలేదంతే.

ఓమురాలి గేటు దగ్గర చాల్ బ్రష్షులోంచి బొచ్చు ఏరుతున్నాడు.

"పెదమామయ్యా, ఇవి పిల్లికి కావు."

"కొంచెం పొట్టి అయ్యాయి" అన్నాడు ఆయన తలెత్తకుండా. "కొలత తప్పింది. వయసు."

"పట్టుకుని నడవడానికి గోడ వెంబడి ఒక కర్ర కడితే సరిపోయేది కదా. ఇంత తవ్వడం, బూట్లు కోసుకోవడం."

ఆయన బొచ్చు ఉండచుట్టి జేబులో పెట్టుకున్నాడు. "కర్ర కడితే ఊరు ఏమంటుంది? వాళ్ళ పిల్లాడికి కాళ్ళు రాలేదు, కర్ర కట్టారంటుంది. వాడు పెద్దయ్యాక కూడా అంటుంది. గుంజలు పాతితే? ఓమురాలికి పిచ్చి ముదిరిందంటుంది. అది నాకు పాతదే."

చినారా కళ్ళు గేటు అవతలికి పోయాయి. ఆరోగ్య కేంద్రం మిట్ట మీద, గుర్రం ఎక్కని చోట, ఆ గుంజ కనిపిస్తోంది. అనార్కన్ దానికి నడుం ఆనించి, బిందెలు దించుకుని, ఎవరికో ఏదో చెబుతోంది. బస్సు ఆగే చోట ఒకటి ఉంది, అక్కడా గుర్రాలుండవు, బస్సు కోసం నిలబడే ముసలాళ్ళుంటారు. బడి మెట్ల దగ్గర ఒకటి ఉంది. నెలలు నిండిన రోజుల్లో తను రోజూ దాన్ని పట్టుకునే మెట్లెక్కింది, గుర్రం గుంజకి ఇదేం చోటని విసుక్కుంటూ.

"ఆ మిట్ట మీదికి గుర్రాలు రావు కదా" అంది.

"ఏమో, ఎప్పుడైనా ఒకటి రావచ్చు" అన్నాడు ఓమురాలి. "అనార్కన్‌కి చెప్పకు. తెలిస్తే దానికి ఆనుకోవడం మానేస్తుంది. నడుం నొప్పి ఎక్కువవుతుంది, ఇంకా ఎక్కువ మాట్లాడుతుంది."

చినారా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వడం వల్ల కాబోలు, ఒళ్ళు ఒక్కసారిగా వదులైంది. వదులవగానే వీపు మధ్యలో, రెండు భుజాల నడుమ, చెయ్యి అందని చోట దురద తెలిసింది. నెలల తరబడి పిల్లాణ్ణి ఎత్తుకుని తిరుగుతూ పట్టించుకోని దురద అది. అటూ ఇటూ చూసింది. వాకిట్లో ఎవరూ లేరు. పెద్ద గుంజ పక్కనే ఉంది. జీవశాస్త్రం టీచరు మెల్లగా దానికి వీపు ఆనించింది.

"కొంచెం కిందికి దిగు, కోడలా" అన్నాడు ఓమురాలి, కొండల వైపు తిరిగి నిలబడి. "అందరూ పై నుంచే మొదలుపెడతారు. నేను చూడటం లేదులే."

ఆమె కాస్త దిగింది. బ్రష్షు సరిగ్గా అక్కడ తగిలింది. కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. వెనక చాల్ తన వంతు ఎప్పుడొస్తుందా అని కాసేపు చూసి, ఓపిక నశించి, ఆమె భుజం మీద ఫుర్రుమంది.